తెల్లబట్ట: పేరు ఒకటే, వ్యాధులు వేరు - తేడా గుర్తించడం ఎలా?

తెలుగునాట స్త్రీలు వైద్యుల ముందు నోరు విప్పడానికి ఎక్కువగా సంకోచించే సమస్యల్లో ‘తెల్లబట్ట’ ఒకటి. వేడి చేసిందనో, నీరసమనో సరిపెట్టుకోవడం, ఇంట్లోని పెద్దవాళ్లు చెప్పిన చిట్కాలు పాటించడం, అప్పటికీ తగ్గకపోతే మందుల దుకాణం నుంచి ఏదో ఒక మాత్ర తెప్పించుకోవడం చాలా కుటుంబాల్లో కనిపించేదే. అయితే ఈ ఒక్క మాట వెనుక ఒకే వ్యాధి లేదు. కొన్నిసార్లు అసలు వ్యాధే ఉండదు. మరికొన్నిసార్లు ఫంగస్, బాక్టీరియా, కంటికి కనిపించని ఏకకణ జీవి, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఒకదానికి పనిచేసే మందు మరొకదానికి పనిచేయదు. ఒకదానిలో భర్తకు చికిత్స అక్కర్లేదు, మరొకదానిలో భర్తకు కూడా చికిత్స చేయకపోతే భార్యకు నయం కాదు. అందుకే ఈ తేడాలను తెలుసుకోవడం అవసరం.

ఏది సహజం?

యోని నుంచి కొంత స్రావం రావడం ఆరోగ్యానికి సంకేతమే. రజస్వల అయినప్పటి నుంచి రుతుక్రమం ఆగిపోయే వరకు ఇది ఉంటుంది. నెలసరి చక్రాన్ని బట్టి దీని రూపం మారుతుంది. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, సాగేలా ఉంటుంది. మిగిలిన రోజుల్లో కాస్త చిక్కగా, తెల్లగా ఉంటుంది. లోదుస్తులపై ఆరిపోయాక లేత పసుపు మరకలా కనిపించవచ్చు. గర్భిణుల్లో దీని పరిమాణం పెరుగుతుంది. దురద, మంట, దుర్వాసన లేనంతవరకు దీనికి చికిత్స అవసరం లేదు.

ఈ ఆరోగ్యాన్ని కాపాడేది లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా. పెరుగు తోడుకోవడానికి సాయపడే సూక్ష్మజీవుల కుటుంబానికి చెందినవే ఇవి. జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లో వీటి గురించి వివరించారు. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావంతో యోని గోడల కణాల్లో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. దాని నుంచి ఈ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఫలితంగా అక్కడి పీహెచ్ విలువ సాధారణంగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ ఆమ్లగుణం హానికర సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఈ సమతుల్యత దెబ్బతిన్నప్పుడే చాలా సమస్యలు మొదలవుతాయి.

దురద ప్రధానమైతే: ఫంగస్

సామాన్యంగా ‘ఈస్ట్ ఇన్‌ఫెక్షన్’ అని పిలిచే ఈ వ్యాధికి ప్రధాన కారణం కాండిడా అల్బికాన్స్ అనే ఫంగస్. స్త్రీలలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు జీవితకాలంలో కనీసం ఒకసారి దీని బారిన పడతారని వైద్యుల అంచనా.

దీని ముఖ్య లక్షణం తీవ్రమైన దురద. స్రావం చిక్కగా, తెల్లగా, విరిగిన పాల ముక్కల్లా ఉంటుంది. కొందరిలో స్రావం అంతగా ఉండదు, దురద ఒక్కటే బాధిస్తుంది. బయటి చర్మం ఎర్రబడి వాచిపోతుంది, గోకడం వల్ల పగుళ్లు వస్తాయి. మూత్రం ఆ చర్మాన్ని తాకినప్పుడు మంట పుడుతుంది. దీనిని మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌గా పొరబడేవారు ఉన్నారు. దుర్వాసన మాత్రం ఉండదు. పీహెచ్ కూడా సాధారణ స్థాయిలోనే ఉంటుంది.

కాండిడా బయటి నుంచి వచ్చిపడేది కాదు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది శరీరంలో అది కొద్ది మోతాదులో ఉంటూనే ఉంటుంది. జలుబుకో, జ్వరానికో యాంటీబయాటిక్ మందులు వాడినప్పుడు మేలుచేసే బాక్టీరియా తగ్గి, ఫంగస్‌కు అవకాశం దొరుకుతుంది. గర్భధారణ, స్టెరాయిడ్ మందులు, అదుపులో లేని మధుమేహం కూడా కారణాలే. ఏడాదిలో మూడుసార్లు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఈ ఇన్‌ఫెక్షన్ వస్తే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవడం మంచిది. తనకు మధుమేహం ఉన్నట్లు ఒక స్త్రీకి ఈ దురద ద్వారానే మొదటిసారి తెలిసే సందర్భాలు లేకపోలేదు. మధుమేహానికి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. వాటిని వాడేవారిలో ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

చికిత్సలో క్లోట్రిమజోల్ వంటి మందును యోనిలో ఉంచుకునే మాత్రగా లేదా క్రీముగా ఇస్తారు. నోటి ద్వారా తీసుకునే ఫ్లూకోనజోల్ మాత్ర మరొక మార్గం. గర్భిణులు మాత్రం నోటి ద్వారా ఫ్లూకోనజోల్ తీసుకోకూడదు. వారికి యోనిలో ఉంచే మందునే సూచిస్తారు. ఇది సాధారణంగా లైంగికంగా సంక్రమించే వ్యాధి కాదు కనుక భర్తకు లక్షణాలు ఉంటే తప్ప చికిత్స అక్కర్లేదు.

నీచువాసన ఉంటే: బాక్టీరియల్ వజైనోసిస్

సంతానోత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో అసాధారణ స్రావానికి అత్యంత సాధారణ కారణం ఇదే. ప్రపంచవ్యాప్తంగా ఈ వయసు స్త్రీలలో 23 నుంచి 29 శాతం మందిలో ఇది కనిపిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా ఈ పేరు విన్నవారు తక్కువ.

ఇందులో ఒక కొత్త క్రిమి దాడి చేయడం కంటే, ఉన్న సమతుల్యత తారుమారు కావడమే ముఖ్యం. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, గార్డ్‌నెరెల్లా సహా ఇతర బాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. ఈ బాక్టీరియాను 1955లో అమెరికా పరిశోధకులు హెర్మన్ గార్డ్‌నర్, చార్లెస్ డ్యూక్స్ ఈ వ్యాధితో ముడిపెట్టారు. గార్డ్‌నర్ పేరే తర్వాత దానికి స్థిరపడింది.

స్రావం పలుచగా, గంజినీళ్లలా, కాస్త బూడిదరంగులో ఉంటుంది. చేపల నీచువాసన దీని ప్రత్యేక లక్షణం. వీర్యానికి, రక్తానికి క్షారగుణం ఉండటం వల్ల కలయిక తర్వాత, నెలసరి సమయంలో ఆ వాసన ఎక్కువవుతుంది. దురద, వాపు, ఎరుపు అంతగా ఉండవు. బాధితుల్లో దాదాపు సగం మందికి ఏ లక్షణమూ తెలియదు.

వాసనను అశుభ్రతగా భావించి చాలామంది సబ్బుతోనో, యాంటిసెప్టిక్ ద్రావణాలతోనో లోపలి భాగాన్ని కడుగుతారు. దానివల్ల మిగిలిన మేలుచేసే బాక్టీరియా కూడా పోయి సమస్య ముదురుతుంది. ఈ వాసన అపరిశుభ్రతకు గుర్తు కాదు, దీనికి సిగ్గుపడాల్సిన పనీ లేదు.

మెట్రోనిడజోల్ లేదా క్లిండమైసిన్‌తో చికిత్స చేస్తారు. తగ్గినట్లే తగ్గి మళ్లీ రావడం ఈ వ్యాధి స్వభావం. ఈ విషయంలో ఆస్ట్రేలియా పరిశోధకులు జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 2025 మార్చిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడ్డాయి. స్త్రీకి మాత్రమే చికిత్స చేసినప్పుడు 12 వారాల్లో 63 శాతం మందిలో వ్యాధి తిరిగి రాగా, ఆమె భాగస్వామికి కూడా మాత్రలు, పైపూత మందు ఇచ్చినప్పుడు అది 35 శాతానికి తగ్గింది. మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు భర్తకు చికిత్స గురించి కూడా వైద్యులను అడగడం అవసరమని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి.

నురగ, పసుపు లేదా ఆకుపచ్చ రంగు: ట్రైకోమోనియాసిస్

మూడవది పూర్తిగా లైంగికంగా సంక్రమించే వ్యాధి. దీనికి కారణమైన ట్రైకోమోనాస్ వజైనాలిస్ అనే ఏకకణ జీవిని ఫ్రాన్స్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ డోనే 1836లో సూక్ష్మదర్శిని కింద గుర్తించారు. దానికి తోకల్లాంటి నిర్మాణాలు ఉండటంతో తాజా నమూనాలో అది చురుకుగా కదలడం కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీ పురుషుల్లో కొత్తగా 15.6 కోట్ల మందికి ఈ వ్యాధి సోకింది.

స్రావం ఎక్కువగా, పసుపు లేదా ఆకుపచ్చ రంగులో, కొందరిలో నురగతో ఉంటుంది. దుర్వాసన, దురద, మంట, కలయిక సమయంలో నొప్పి కలగవచ్చు. అంటే ఫంగస్‌లోని దురద, బాక్టీరియల్ వజైనోసిస్‌లోని వాసన రెండూ ఇందులో కలిసి కనిపించవచ్చు. అయితే పాఠ్యపుస్తకాల్లో వర్ణించినంత స్పష్టంగా ఈ లక్షణాలు అందరిలో ఉండవు. వ్యాధి సోకినవారిలో ఎక్కువమందికి లక్షణాలు ఉండవు, ఉన్నా స్వల్పంగానే ఉంటాయి. పురుషుల్లో చాలామందికి అసలేమీ తెలియదు. అందువల్లే భార్యకు మందు ఇచ్చి భర్తను వదిలేస్తే వ్యాధి మళ్లీ తిరిగి వస్తుంది.

మెట్రోనిడజోల్ వంటి మందులతో ఇది నయమవుతుంది. దంపతులిద్దరూ ఒకే సమయంలో చికిత్స తీసుకోవాలి, అది పూర్తయ్యే వరకు కలయికకు దూరంగా ఉండాలి. నిర్లక్ష్యం చేస్తే హెచ్‌ఐవీ సోకే ముప్పు పెరుగుతుంది. గర్భిణుల్లో నెలలు నిండకముందే ప్రసవం జరిగే ప్రమాదంతో కూడా దీనికి సంబంధం ఉంది. మరో విషయం గుర్తుంచుకోవాలి. ఈ క్రిమి లక్షణాలు లేకుండా నెలల తరబడి శరీరంలో ఉండగలదు. కాబట్టి వ్యాధి బయటపడినంత మాత్రాన అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో నిర్ధారించలేం. దాన్ని కుటుంబ కలహానికి కారణం చేసుకోవడం కంటే ఇద్దరూ వైద్యుడిని కలవడం మేలు.

క్లుప్తంగా తేడాలు

• ఫంగస్: దురద ఎక్కువ, వాసన లేదు, విరిగిన పాలలా తెల్లటి స్రావం, పీహెచ్ 4.5 లోపు.

• బాక్టీరియల్ వజైనోసిస్: నీచువాసన ఎక్కువ, దురద తక్కువ, గంజిలా పలుచని స్రావం, పీహెచ్ 4.5 కంటే ఎక్కువ.

• ట్రైకోమోనియాసిస్: దురద, వాసన రెండూ ఉండవచ్చు, పసుపు లేదా ఆకుపచ్చ స్రావం, పీహెచ్ 4.5 కంటే ఎక్కువ.

లక్షణాలు మాత్రమే ఎందుకు చాలవు?

ఈ తేడాలు తెలిసినంత మాత్రాన సొంతంగా మందు ఎంచుకోవచ్చని కాదు. అమెరికాలో వైద్యుడి చీటీ లేకుండా ఫంగస్ మందు కొనుక్కున్న 95 మంది స్త్రీలను పరీక్షించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. వారిలో కేవలం ఫంగస్ వ్యాధి ఉన్నవారు సుమారు 34 శాతమే. 19 శాతం మందికి బాక్టీరియల్ వజైనోసిస్, 21 శాతం మందికి ఒకటి కంటే ఎక్కువ ఇన్‌ఫెక్షన్లు ఉన్నట్లు తేలింది. సుమారు 14 శాతం మందికి ఏ వ్యాధీ లేదు. అంటే తమ సమస్య తమకు తెలుసని నమ్మిన ముగ్గురిలో సుమారు ఇద్దరి అంచనా తప్పింది.

నిర్ధారణకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. స్రావం పీహెచ్‌ను చిన్న కాగితపు పట్టీతో చూస్తారు. నమూనాపై పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసినప్పుడు నీచువాసన వస్తే బాక్టీరియల్ వజైనోసిస్‌ను అనుమానిస్తారు. అదే ద్రావణంతో సూక్ష్మదర్శిని కింద ఫంగస్ పోగులు కనిపిస్తాయి. ఉప్పునీటి చుక్కలో కదిలే ట్రైకోమోనాస్, బాక్టీరియా దట్టంగా అంటుకుని అంచులు మసకబారిన కణాలు కనిపిస్తాయి. పలుచని స్రావం, 4.5కు మించిన పీహెచ్, నీచువాసన, ఈ ప్రత్యేక కణాలు అనే నాలుగింటిలో మూడు ఉంటే బాక్టీరియల్ వజైనోసిస్‌గా నిర్ధారించే పద్ధతి 1983 నుంచి ప్రామాణికంగా ఉంది. అయితే సూక్ష్మదర్శిని పరీక్షలో ట్రైకోమోనాస్ కొన్నిసార్లు కనిపించకుండా పోవచ్చు. అటువంటప్పుడు మరింత సున్నితమైన పరీక్షలు అవసరమవుతాయి.

ఈ మూడూ కాని కారణాలు కూడా ఉన్నాయి. గనేరియా, క్లమీడియా వ్యాధులు యోనికి కాక గర్భాశయ ముఖద్వారానికి సోకి స్రావం కలిగిస్తాయి. చికిత్స లేకపోతే గర్భాశయం, గర్భనాళాల వరకు పాకి సంతానలేమికి దారితీయవచ్చు. సబ్బులు, సుగంధ ద్రవ్యాలు, కొన్ని రకాల శానిటరీ ప్యాడ్ల వల్ల చర్మానికి అలర్జీ వచ్చి దురద పుట్టవచ్చు. రుతుక్రమం ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొరలు పలుచబడటం వల్ల పొడిదనం, మంట కలుగుతాయి. వారికి ఫంగస్ మందుతో ప్రయోజనం ఉండదు.

గడ్చిరోలి చెప్పిన నిజం

తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలి. అక్కడి రెండు గ్రామాల్లో వైద్య దంపతులు రాణీ బంగ్, అభయ్ బంగ్ బృందం 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో ఆ వివరాలను లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించింది. వారిలో 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధిత వ్యాధి ఉన్నట్లు తేలింది. సగటున ఒక్కొక్కరిలో 3.6 వ్యాధులు కనిపించాయి. యోని ఇన్‌ఫెక్షన్లు వాటిలో ప్రముఖమైనవి. అయితే అంతకుముందు ఎప్పుడైనా స్త్రీవైద్య పరీక్ష, చికిత్స పొందినవారు 8 శాతం మాత్రమే. వ్యాధి లేకపోవడం వల్ల కాక, అడిగేవారు లేకపోవడం వల్లే ఆ గ్రామాల్లో ఆ మౌనం కొనసాగిందని ఆ అధ్యయనం ప్రపంచానికి చూపింది.

దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. గోవాలో విక్రమ్ పటేల్ తదితరులు జరిపిన అధ్యయనంలో, తెల్లబట్ట అని ఫిర్యాదు చేసిన స్త్రీలలో ఇన్‌ఫెక్షన్ కంటే మానసిక ఒత్తిడి, సామాజిక ఇబ్బందులతోనే ఆ ఫిర్యాదుకు బలమైన సంబంధం కనిపించింది. నీరసం, నడుము నొప్పి, దిగులుతో వచ్చిన స్త్రీకి పరీక్ష లేకుండా యాంటీబయాటిక్ రాసి పంపితే ఆమె అసలు బాధ అలాగే ఉండిపోతుంది. పరీక్షించి, మాట్లాడి కారణం తెలుసుకోవడమే ఇక్కడ చికిత్సలో మొదటి మెట్టు.

ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా ఆసుపత్రులు, వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో ‘సురక్ష క్లినిక్’ల పేరుతో ఇటువంటి వ్యాధులకు ఉచిత సేవలు అందుతున్నాయి. లక్షణాలను బట్టి రంగుల వారీగా మందుల కిట్లు ఇక్కడ ఇస్తారు. యోని ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చేది ఆకుపచ్చ కిట్. ఇందులో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ రెండూ ఉంటాయి. పరీక్షా సదుపాయం లేనిచోట కూడా మూడు రకాల ఇన్‌ఫెక్షన్లకు చికిత్స అందించడమే దీని ఉద్దేశం. పొత్తికడుపు నొప్పి కూడా ఉన్నవారికి పసుపు కిట్ ఇస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడిని, ఏఎన్‌ఎంను, ఊళ్లోని ఆశా కార్యకర్తను అడిగినా దారి చూపుతారు. ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి గోప్యంగా సలహా పొందవచ్చు.

ఈ కింది లక్షణాలు ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యులను సంప్రదించాలి:

• పొత్తికడుపులో నొప్పి, జ్వరం

• గర్భంతో ఉన్నప్పుడు అసాధారణ స్రావం, నీళ్లు లేదా రక్తం పోవడం

• కలయిక తర్వాత, నెలసరుల మధ్య, లేదా రుతుక్రమం ఆగిన తర్వాత రక్తస్రావం

• రక్తంతో కలిసిన, తీవ్రమైన దుర్వాసన గల స్రావం

• మర్మావయవాల వద్ద పుండ్లు, పొక్కులు

• రజస్వల కాని బాలికల్లో స్రావం

• మందు వాడినా తగ్గకపోవడం, పదేపదే తిరిగి రావడం

వీటిలో రక్తస్రావానికి సంబంధించినవి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కూడా సంకేతాలు కావచ్చు. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఈ క్యాన్సర్ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేయాల్సి ఉంది. లక్షణాలు లేకపోయినా దానిని చేయించుకోవడం మేలు.

ఇంట్లో పాటించదగినవి

యోని లోపలి భాగాన్ని కడగవలసిన అవసరం లేదు. బయటి భాగాన్ని మామూలు నీటితో శుభ్రం చేసుకుంటే చాలు. పెరుగు, పసుపు, వెల్లుల్లి, నిమ్మరసం వంటివి లోపల ఉంచుకోవడం వల్ల వ్యాధి నయమవుతుందనడానికి తగిన ఆధారం లేదు, పైగా మంట, గాయం కలగవచ్చు. గాలి ఆడే నూలు లోదుస్తులు ధరించాలి. చెమటతో తడిసిన దుస్తులను వెంటనే మార్చుకోవాలి. నెలసరిలో గుడ్డ వాడేవారు దానిని ఉతికి, ఎవరికీ కనపడకూడదని చీకటి మూలల్లో కాకుండా ఎండలో ఆరబెట్టాలి. కండోమ్ వాడకం ట్రైకోమోనియాసిస్ సహా లైంగిక వ్యాధుల ముప్పును తగ్గిస్తుంది. గతంలో మిగిలిన మాత్రలను, పక్కింటివారికి రాసిన మందును వాడకూడదు.

వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు నాలుగు విషయాలు చెప్పగలిగితే రోగ నిర్ధారణ సులభమవుతుంది: స్రావం రంగు, చిక్కదనం, వాసన ఉందా లేదా, దురద ఉందా లేదా. వాటితో పాటు ఆఖరి నెలసరి తేదీ, ఇటీవల వాడిన మందుల పేర్లు కూడా చెప్పాలి. ఈ మాటలు చెప్పడానికి కొద్ది నిమిషాలు చాలు. అవి చెప్పుకోలేకపోవడం వల్లే చాలామంది స్త్రీలు సులభంగా నయమయ్యే వ్యాధిని ఏళ్ల తరబడి భరిస్తున్నారు.